క్రిప్టో వ్యాలెట్‌లో జాబితా ఎవరి చేతిలో ఉండాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను తెనాలిలో 26 ఏళ్లుగా ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసిపెట్టే పనిలో ఉన్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఉపాధ్యాయులు, మిల్లు గుమస్తాలు, పసుపు, మినుము కొని అమ్మే చిన్న వ్యాపారులే ఎక్కువ. కొన్నేళ్ల క్రితం వరకు జులై నెల వచ్చిందంటే నా బల్ల మీదికి ఫారం 16లు, పాసుపుస్తకాలు, బీమా రసీదులు వచ్చేవి. ఇప్పుడు వాటితో పాటు సెల్‌ఫోన్లు కూడా వస్తున్నాయి. ‘‘ఇందులో కాస్త క్రిప్టో ఉందండీ, ఇది కూడా చూపించాలా?’’ అని గొంతు తగ్గించి అడిగేవారు ఏటేటా పెరుగుతున్నారు. క్రిప్టో మంచిదా చెడ్డదా, ప్రభుత్వం దాన్ని ఉండనివ్వాలా వద్దా అన్న చర్చ పత్రికల్లో చాలాసార్లు జరిగింది కాబట్టి నేను ఆ జోలికి పోవడం లేదు. క్రిప్టో కాయిన్లు చూసుకునే వ్యాలెట్ యాప్ తెరవగానే ఏ కాయిన్లు కనబడాలి, ఏవి కనబడకూడదు, ఆ మీట ఎవరి చేతిలో ఉండాలి అన్న ఒక్క విషయం గురించే ఈ ఉత్తరం. చూడడానికి ఇది చిన్న విషయం. నా బల్ల దగ్గర మాత్రం క్రిప్టో పేరుతో జరిగే గందరగోళంలో సగం దీని చుట్టూనే తిరుగుతోంది.

మొన్న జులైలో దుగ్గిరాల పసుపు యార్డులో లెక్కలు రాసే ఒక యువకుడు వచ్చాడు. రెండేళ్లలో అతను పెట్టింది మొత్తం 38 వేల రూపాయలు. ఫోను తెరిచి నా ముందు పెడితే పైన పెద్ద అక్షరాలతో 10 లక్షల 41 వేల చిల్లర కనబడుతోంది. అతని ముఖంలో సంతోషమూ ఉంది, భయమూ ఉంది. ‘‘దీని మీద 30 శాతం పన్ను అంటే మూడు లక్షలు దాటుతుంది కదండీ, అంత ఎక్కడి నుంచి తేను?’’ అన్నాడు. జాబితా కిందికి జరుపుకుంటూ పోయాం. మొదట కొద్దిగా బిట్‌కాయిన్, కొద్దిగా ఈథర్, డాలరు విలువకు ముడిపెట్టిన యూఎస్‌డీటీ అనే కాయిన్ కొంత ఉన్నాయి. ఆ కింద అతను ఎన్నడూ కొనని పేర్లు నలభైకి పైగా ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరే ఒక వెబ్‌సైటు చిరునామా. దాని పక్కన 25 వేల టోకెన్లు (ఇవీ ఒక రకం కాయిన్లే), ఒక్కొక్కటి 40 రూపాయలు, వెరసి 10 లక్షలు అని రాసి ఉంది. ఎవరు పంపారని అడిగితే, ఏదో బహుమతి అనుకున్నానని, ఆ వెబ్‌సైటుకు వెళ్లి ‘తీసుకోండి’ అన్నచోట నొక్కమని ఉంటే ఆదివారం తీరిగ్గా నొక్కుదామని ఆగానని చెప్పాడు. ఆ ఆదివారం రాకముందే అతను నా దగ్గరికి రావడం అతని అదృష్టం.

వ్యాలెట్ అన్న పేరులోనే తిరకాసు ఉంది. పర్సులో నోట్లు ఉన్నట్టు ఈ యాప్‌లో కాయిన్లు ఉండవు. 2009 జనవరి 3న మొదలైన బిట్‌కాయిన్ కానివ్వండి, 2015 జులై 30న మొదలైన, ఈథర్ కాయిన్ నడిచే ఎథీరియం కానివ్వండి, లెక్కంతా వేలాది కంప్యూటర్లలో ఒకే విధంగా నడిచే ఒక బహిరంగ ఆవర్జాలో, అంటే లెడ్జరులో, ఉంటుంది. ఫోనులో ఉండేది ఆ ఆవర్జాలోని మన పద్దును కదిలించగల తాళంచెవి మాత్రమే. వ్యాలెట్ తెరిచిన రోజున కాగితం మీద రాసుకుని దాచుకోమని చెప్పే 12 లేదా 24 పదాలు ఆ తాళంచెవికే మరో రూపం. ఇక తెర మీద కనబడే జాబితా ఒక కిటికీ లాంటిది. ‘ఫలానా చిరునామాకు (అంటే ఆవర్జాలో మన ఖాతా నంబరుకు) ఫలానా టోకెన్ పద్దులో ఎంత ఉంది?’ అని యాప్ ఒక్కొక్క పద్దునూ అడిగి, వచ్చిన అంకెను మనకు చూపిస్తుంది. అడగని పద్దు కనబడదు. అడగకూడని పద్దును అడిగితే చెత్త కూడా సొమ్ములాగే కనబడుతుంది.

ఆ చెత్త ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి. ఎథీరియం మీద 2015 నవంబరులో ప్రతిపాదించిన ఈఆర్‌సీ-20 పద్ధతిలో ఎవరైనా, ఎవరి అనుమతీ లేకుండా, తమకు తోచిన పేరుతో, తోచినన్ని టోకెన్లు పుట్టించవచ్చు. పుట్టించినవాటిని ఎవరి చిరునామాకైనా పంపవచ్చు. అందుకునేవారు సరేననవలసిన పని లేదు, వద్దని ఆపే వీలూ లేదు. రాత్రికి రాత్రి మన ప్రహరీ గోడ మీద ఎవరో పోస్టరు అంటించి పోయినట్టే ఇదీనూ. ఎథీరియం సృష్టికర్త విటాలిక్ బుటెరిన్‌కే ఈ అనుభవం తప్పలేదు. షిబా ఇను అనే టోకెన్‌ను పుట్టించినవారు ఆయన అడగకుండానే మొత్తం టోకెన్లలో సగం ఆయన చిరునామాకు పంపేశారు. 2021 మే నెలలో, మన దేశం కరోనా రెండో ఉద్ధృతిలో ఆక్సిజన్ కోసం అల్లాడుతున్న రోజుల్లో, ఆయన వాటిలోంచి 50 లక్షల కోట్ల టోకెన్లను క్రిప్టో రంగంలోని భారతీయుడు సందీప్ నైల్వాల్ నడిపిన భారత కోవిడ్ సహాయ నిధికి ఇచ్చేశారు. ఆనాటి ధర కడితే దాని విలువ దాదాపు 100 కోట్ల డాలర్లు. అడగకుండా వచ్చిపడిన టోకెన్ ఇలా మంచికి పనికొచ్చిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. మామూలు మనుషుల వ్యాలెట్లలోకి అడగకుండా వచ్చేవాటిలో చాలా భాగం గాలానికి గుచ్చిన ఎరలే. వాటిని అమ్మబోయినా, అవి చెప్పే వెబ్‌సైటుకు వెళ్లి నొక్కినా, మన అసలు టోకెన్లను తీసుకునే అనుమతి మీద మన చేతే సంతకం పెట్టించుకుంటారు. టోకెన్ ఊరికే పడి ఉన్నంత కాలం హాని లేదు. మనం దానితో మాట కలిపినప్పుడే హాని. కాబట్టి అది కంటికి కనబడకుండా ఉండడమే మేలు.

అలాగని యాప్‌వారే అంతా దాచేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదని నా సొంత అనుభవం చెబుతోంది. రిటర్నులు వేసేవాడికి అసలు వస్తువు తెలియకపోతే ఎలా అనిపించి నేను కూడా ఒక వ్యాలెట్ పెట్టుకున్నాను. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు నేర్పిస్తానని చెప్పి 50 డాలర్ల విలువైన యూఎస్‌డీసీని (ఇదీ డాలరుకు ముడిపెట్టిన కాయినే) పాలిగాన్ అనే మరో ఆవర్జా నెట్‌వర్క్ మీద పంపాడు. ‘‘మావయ్యా, పంపేశాను, నిమిషంలో వస్తుంది, చూడండి’’ అన్నాడు. నిమిషం కాదు, గంట గడిచినా నా తెర మీద సున్నాయే. ‘‘ఏరా, రాలేదే!’’ అంటే, ‘‘వెళ్లింది మావయ్యా, నాకు రసీదు కూడా వచ్చింది’’ అంటాడు. అక్కడ అర్ధరాత్రి కావడంతో పొద్దున్నే చూద్దామని పడుకున్నాడు. ఇక్కడ పట్టపగలు నాకు కాలు నిలవలేదు. పోయింది 50 డాలర్లే అయినా, 26 ఏళ్లుగా ఊరందరి లెక్కలు చూసేవాడి లెక్కే తప్పిందన్న ఉక్రోషం. ఆ యాప్ పేరుతో ఉన్న ఒక టెలిగ్రామ్ సమూహంలో నా గోడు రాశాను. రెండు నిమిషాల్లో ‘సహాయ కేంద్రం’ అని పేరు పెట్టుకున్న ఒక వ్యక్తి ఎంతో మర్యాదగా పలకరించి, సమస్య సర్దుబాటు చేయడానికి నా 12 పదాలను ఒక ఫారంలో నింపమన్నాడు. నిజం ఒప్పుకోవాలి, నేను నాలుగు పదాలు నింపాను. అయిదో పదం కోసం బీరువాలోంచి తీసిన కాగితం మీద, నేనే ఎర్ర సిరాతో ‘ఎవరికీ ఇవ్వకూడదు’ అని రాసుకున్న వాక్యం కంటపడి చెయ్యి ఆగిపోయింది.

మర్నాడు మేనల్లుడు చెప్పినట్టు ఆ నెట్‌వర్క్ తాలూకు బహిరంగ ఆవర్జా వెబ్‌సైటులో నా చిరునామా వేసి చూస్తే 50 యూఎస్‌డీసీ నిక్షేపంలా ఉంది. డబ్బు వచ్చింది. కనబడలేదు, అంతే. పాలిగాన్ మీద యూఎస్‌డీసీ పేరుతో రెండు వేర్వేరు టోకెన్లు ఉన్నాయి. ఒకటి ఎథీరియం నుంచి ‘వంతెన’ అనే బదిలీ ఏర్పాటు మీదుగా తెచ్చిన పాతది. రెండోది, దాన్ని జారీ చేసే సర్కిల్ సంస్థ 2023 అక్టోబరులో నేరుగా పాలిగాన్ మీదనే విడుదల చేసిన కొత్తది. పాతదానికి ఇప్పుడు చివర చుక్క పెట్టి ‘ఇ’ అనే అక్షరం చేరుస్తున్నారు. నా యాప్‌లో పాతదాని మీట వేసి ఉంది, కొత్తదాని మీట ఆపి ఉంది. జాబితాను సవరించే చోటికి వెళ్లి, యూఎస్‌డీసీ అని వెతికి, రెండో పేరు పక్కన మీట జరిపితే నా 50 డాలర్లు చక్కగా ప్రత్యక్షమయ్యాయి. పని మొత్తం 10 సెకన్లది. ‘రాలేదు’ అన్న మాటకూ ‘కనబడలేదు’ అన్న మాటకూ మధ్య ఉన్న ఆ 10 సెకన్ల తేడాలోనే మోసగాళ్లు దుకాణం పెట్టుకుంటున్నారు. (పన్నువాడి అలవాటు కొద్దీ ఒక మాట: మేనమామ ఇచ్చే బహుమతి మేనల్లుడికి పన్ను లేని ‘బంధువు’ బహుమతే కానీ, ఆదాయపు పన్ను చట్టం ఇచ్చిన బంధువుల జాబితా ప్రకారం మేనల్లుడు మేనమామకు బంధువు కాడు. నాకు వచ్చినది ఏడాదికి 50 వేల రూపాయల హద్దులోపలే కాబట్టి బతికిపోయాను.)

ఈ పేర్ల సంగతి రైతులకు సులువుగా అర్థమవుతుంది. ఒకే ఊళ్లో ఒకే పేరున ముగ్గురు పట్టాదారులు ఉండవచ్చు. పొలం ఎవరిదో తేల్చేది పేరు కాదు, సర్వే నంబరు. టోకెన్‌కు కూడా పేరు, దాని పొట్టి గుర్తు ఎవరైనా పెట్టుకోగలిగినవే. దాని సర్వే నంబరు కాంట్రాక్ట్ చిరునామా, అంటే ఆ టోకెన్‌ను నడిపే ప్రోగ్రాముకు ఆవర్జాలో ఉన్న చిరునామా. ఎథీరియం తరహా నెట్‌వర్కుల్లో అది సున్నా, ఎక్స్ అనే రెండు గుర్తులతో మొదలై మొత్తం 42 గుర్తుల పొడవు ఉంటుంది. యూఎస్‌డీటీ అన్న ఒకే పేరు ఎథీరియం మీద ఒక చిరునామాతో, ట్రాన్ మీద మరో చిరునామాతో, ఇంకా అనేక నెట్‌వర్కుల మీద వేరే చిరునామాలతో ఉంది. జాబితాలో దేని మీట వేస్తున్నామో తెలియాలంటే ఆ చిరునామా పేరు పక్కనే కనబడాలి. చాలా యాప్‌లలో అది మూడు పుటలు లోపలికి వెళ్తే కానీ కనబడదు. జాబితాలో లేని టోకెన్‌ను మనమే చేర్చుకునే వీలుంది కానీ, చిరునామా, గుర్తు, దశాంశ స్థానాలు అనే మూడు గళ్లు నింపాలి. యూఎస్‌డీసీకి 6 దశాంశ స్థానాలు. చాలా టోకెన్లకు 18. ఆ గడిలో 6 బదులు 18 వేస్తే నా 50 డాలర్లు 0.00000000005గా మారి, తెర మీద మళ్లీ సున్నాగానే కనబడతాయి. ఇప్పుడు మంచి యాప్‌లు చిరునామా ఇవ్వగానే మిగతా రెండూ వాటంతట అవే నింపుకుంటున్నాయి. అది మెచ్చుకోవలసిన మార్పు.

పేరు నిలకడగా ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. 2022 మే నెలలో టెర్రా అనే క్రిప్టో వ్యవస్థ కుప్పకూలి, ఏప్రిల్‌లో 100 డాలర్లు దాటిన దాని కాయిన్ లూనా కొద్ది రోజుల్లో పైసాకు కొరగాకుండా పోయింది. ఆ నెలాఖరులోనే కొత్త నెట్‌వర్క్ మొదలుపెట్టి, లూనా అన్న పేరును కొత్త కాయిన్‌కు ఇచ్చి, పాతదాన్ని లూనా క్లాసిక్ అన్నారు. పొద్దున్న లేచి చూసుకుంటే తన కాయిన్ పేరే మారిపోయినవారు నా దగ్గరికి వచ్చినవారిలోనే ఇద్దరు ఉన్నారు. 2024 సెప్టెంబరు 4న పాలిగాన్ వారు మాటిక్ అనే తమ పాత టోకెన్ స్థానంలో పోల్ అనే టోకెన్‌ను తెచ్చారు. పాలిగాన్ నెట్‌వర్క్ మీద ఉన్న మాటిక్ దానంతట అదే ఒకటికి ఒకటి చొప్పున పోల్ అయింది. ఎథీరియం మీద ఉన్న మాటిక్‌ను మాత్రం యజమానే మార్చుకోవాలి. ఒకే మనిషి వ్యాలెట్‌లో సగం పేరు మారి, సగం మారకుండా కనబడితే ఆ మనిషి ఏమనుకోవాలి? ఇది మన దేశస్థులు స్థాపించిన ప్రాజెక్టు కాబట్టి మనవాళ్ల వ్యాలెట్లలో మాటిక్ ఎక్కువ. ‘మాటిక్ మాయమైంది’ అంటూ ఆ ఏడాది నాకు వచ్చిన ఫోన్లకు లెక్కలేదు. ఏ ఒక్కటీ మాయం కాలేదు.

ఇక దాచడం గురించి. చేబ్రోలులో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఇదే లూనా క్లాసిక్‌ను జాబితాలోంచి తీసేసి, ‘‘ఆ పీడ వదిలించుకున్నాను, నష్టం కింద రాయండి’’ అన్నారు. యాప్‌లో ఆమె నొక్కిన మాటకు తెలుగు ‘తొలగించు’ అని. ఆమె అనుకున్నది అమ్మేశాననో, పారేశాననో. జరిగింది కిటికీకి తెర వేయడం మాత్రమే. ఆవర్జాలో ఆ కాయిన్లు ఆమె పేరునే ఉన్నాయి. మీట వేస్తే మళ్లీ కనబడ్డాయి. రిటర్నులో వర్చువల్ డిజిటల్ ఆస్తుల పట్టికలో కొన్న తేదీ, బదిలీ చేసిన తేదీ, కొన్న ఖరీదు, వచ్చిన మొత్తం అడుగుతారు. దాచిన తేదీ అన్న గడి అందులో లేదు, ఎందుకంటే దాచడం బదిలీ కాదు. పైగా 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి కూడా తగ్గించుకోనివ్వరు. నిజంగా అమ్మినా ఆమెకు ఒరిగేదేమీ లేదని చెప్పినప్పుడు ఆమె, ‘‘అయితే ఆ తెర అలాగే ఉండనివ్వండి’’ అన్నారు. నాకు నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే ఆమె అన్నదే ఆ మీటకున్న సరైన ఉపయోగం. చూడదలచుకోనిదాన్ని చూడకుండా ఉండడం. అంతకు మించి దానివల్ల ఏమీ జరగదని యాప్ ఆ నొక్కేచోటే ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే ఆమె నా దాకా రావలసిన పనే ఉండేది కాదు.

దాచినవాటితో ఇంకో చిక్కు ఉంది. కొన్ని యాప్‌లు ‘చిన్న మొత్తాలను దాచు’ అన్న మీటను మనకు చెప్పకుండా ముందే వేసి ఉంచుతాయి. ధర దొరకని టోకెన్లను మొత్తంలో కలపవు. యజమాని పోయాక భార్యో, కొడుకో ఫోను తెరిచి చూస్తే జాబితాలో కనబడినదే ఆస్తి అనుకుంటారు. దాచినవి ఎన్ని ఉన్నాయో ఆ తెర మీద ఎక్కడా రాసి ఉండదు. ‘దాచినవి 43’ అని జాబితా అడుగున ఒక్క వరుస ఉంటే చాలు, వెతికేవారు వెతుక్కుంటారు. అలాగే ఒక టోకెన్‌ను వాడుకోవడానికి ఏదైనా వెబ్‌సైటుకు గతంలో అనుమతి ఇచ్చి ఉంటే, ఆ టోకెన్‌ను దాచినంత మాత్రాన అనుమతి రద్దు కాదు. దాన్ని విడిగా రద్దు చేయాలి, అందుకు కొద్దిగా నెట్‌వర్క్ రుసుము కూడా అవుతుంది. దాచాను కదా అని నిశ్చింతగా ఉన్నవారు ఈ సంగతి గమనించాలి.

తెర మీద కనబడినదాన్ని నమ్మి పెద్దవాళ్లే మోసపోయారు. 2024 మే నెలలో ఒక వ్యక్తి 1,155 బిట్‌కాయిన్లకు సమానమైన టోకెన్లను, అంటే దాదాపు 7 కోట్ల డాలర్లను, తన పాత లావాదేవీల జాబితాలో కనబడిన చిరునామా చూసి నకలు చేసి పంపాడు. ఆ చిరునామా మొదటి, చివరి గుర్తులు తన చిరునామాలాగే ఉండేలా ఒక మోసగాడు ముందే తయారు చేసి, విలువ లేని చిన్న లావాదేవీతో ఆ జాబితాలోకి ఎక్కించాడు. బేరసారాల తర్వాత అందులో చాలా భాగం తిరిగి వచ్చింది కానీ, అలాంటి అదృష్టం మన దుగ్గిరాల కుర్రాడికి పడుతుందని నేను అనుకోను. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే, కాయిన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీ దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోగొట్టుకుంది. సంతకం చేసినవారికి తెర మీద సరైన చిరునామాయే కనబడిందని, అడుగున నడిచిన లెక్క వేరని తర్వాత తేలింది. ఆ స్థాయి దాడిని ఏ జాబితా మీటా ఆపలేదు, నిజమే. అయితే విలువ సున్నా అయిన లావాదేవీలను, ముక్కూ మొహం తెలియని టోకెన్లను యజమాని కోరితే తప్ప చూపించకపోతే మొదటి రకం మోసానికి ఉన్న తలుపు చాలావరకు మూసుకుంటుంది.

అందరికీ తెలిసిన పేరు తగిలించుకున్న టోకెన్ అయితే జాబితాలోకి ఇంకా తేలిగ్గా చొరబడుతుంది. 2021 అక్టోబరులో, ఆ రోజుల్లో ప్రపంచమంతా చూస్తున్న ఒక కొరియా ధారావాహిక పేరు వాడుకుని ఒక టోకెన్ పుట్టింది. ఆ ధారావాహిక నిర్మాతలకు దానితో సంబంధం లేదు. కొన్నవారికి తెర మీద ధర 2,800 డాలర్లు దాటి కనబడింది. అమ్ముకోవడానికి మాత్రం వీలు కాలేదు. నవంబరు 1న అది నిమిషాల మీద దాదాపు సున్నాకు పడిపోయింది. అమ్ముడుపోనిదానికి ధర చూపించి, దాన్ని మొత్తంలో కలిపి పెద్ద అక్షరాలతో పైన రాయడం లెక్కల భాషలో తప్పుడు ఆస్తి అప్పుల పట్టీ. నా దగ్గర పనిచేసే కుర్రాడు అలాంటి పట్టీ రాస్తే నేను చింపి మళ్లీ రాయిస్తాను.

కాబట్టి ఈ యాప్‌లను తయారు చేసేవారిని నేను అడిగేది పెద్ద సాంకేతిక విప్లవమేమీ కాదు. కొత్తగా వ్యాలెట్ తెరిచినవారికి ప్రధానమైన నాలుగైదు కాయిన్లు తప్ప జాబితా ఖాళీగా ఉండాలి. మిగతావన్నీ యజమాని తన చేత్తో మీట వేసినప్పుడే రావాలి. బయటి నుంచి కొత్త టోకెన్ ఏదైనా వస్తే అది నేరుగా ప్రధాన జాబితాలోకి కాకుండా పక్కన వేరే అరలోకి వెళ్లి, దాని ధర మొత్తంలో కలవకుండా, ‘మీరు అడగనిది ఒకటి వచ్చింది’ అని మాత్రమే చెప్పాలి. నాలాగా నిజంగా ఎదురుచూసే సొమ్ము ఉన్నవాడు ఆ అర తెరిచి చూసుకుని, కాంట్రాక్ట్ చిరునామా సరిపోల్చుకుని, ప్రధాన జాబితాలోకి తెచ్చుకుంటాడు. కొన్ని యాప్‌లు ఈ దారిలో కొంత నడిచాయి. మరికొన్ని మాత్రం డబ్బు తీసుకుని కొత్త కాయిన్లను జాబితా పైభాగంలో కూర్చోబెడుతున్నాయేమోనన్న అనుమానం నాకుంది. మనం కొననిదానికి అంత చోటు ఎందుకు ఇస్తారో మరో కారణం నాకు తోచడం లేదు.

ఇది ప్రభుత్వానికి సంబంధం లేని విషయం కూడా కాదు. వినియోగదారులను తప్పుదారి పట్టించే తెర రూపకల్పనల మీద, అంటే డార్క్ ప్యాటర్న్స్ మీద, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చి 13 రకాలను పేర్కొంది. ప్రకటనను ప్రకటన అని చెప్పకుండా సమాచారంలా చూపించడం వాటిలో ఒకటి. డబ్బు తీసుకుని జాబితాలో పెట్టిన కాయిన్ అచ్చంగా ఆ కోవలోకే వస్తుందని నా అభిప్రాయం. మన దేశంలో వ్యాపారం చేసే ఎక్స్ఛేంజీలు 2023 మార్చి 7 నాటి నోటిఫికేషన్‌తో అక్రమ నగదు చలామణి నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఖాతాదారుడి గుర్తింపు, లావాదేవీల రికార్డులు అడుగుతున్నారు, మంచిదే. అదే ఖాతాదారుడికి తెర మీద ఏమి చూపిస్తున్నారో కూడా అడిగితే ఖర్చేమీ కాదు. కనీసం ఏడాది చివర ఇచ్చే ఖాతా వివరాల్లో దాచినవీ, దాచనివీ కలిపి, నెట్‌వర్క్ పేరు, కాంట్రాక్ట్ చిరునామాతో సహా ఇమ్మని చెప్పినా నాబోటి వాళ్ల పని సగం తగ్గుతుంది.

భాష సంగతి కూడా చెప్పకపోతే నా గోడు పూర్తి కాదు. కూరగాయల బండి దగ్గర వాడే యూపీఐ యాప్‌లో తెలుగు ఉంది. 12 పదాలు పోతే సర్వం పోయే వ్యాలెట్ యాప్‌లో మాత్రం అదెక్కడా నాకు కనబడలేదు. ఉన్నా అది యంత్రం చేసిన తెలుగే అయితే ప్రయోజనం లేదు. ‘దాచు’ అనవలసిన చోట ‘తొలగించు’ అంటే ఏమవుతుందో చేబ్రోలు టీచరుగారిని అడగండి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. వ్యాపార వార్తల్లో కాయిన్ల ధరలు ఇచ్చేటప్పుడు పొట్టి గుర్తుతో సరిపెట్టకుండా పూర్తి పేరు రాయండి. పేరు మారిన రోజున పాత పేరు కూడా పక్కన వేయండి. అప్పుడప్పుడూ, మోసపోతే వెంటనే ఫోన్ చేయవలసిన 1930 నంబరును ఆ ధరల పట్టిక కిందనే అచ్చు వేయండి. పట్టిక చూసేవారే ఆ నంబరు అవసరం పడేవారు.

దుగ్గిరాల యువకుడి ఫోనులో ఆ 10 లక్షల టోకెన్‌నూ, దాని వెంట వచ్చిన నలభై చిల్లర పేర్లనూ ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటిగా దాచాం. పైనున్న మొత్తం జారుకుంటూ వచ్చి 41 వేల చిల్లర దగ్గర నిలిచింది. ఆ ఏడాది అతను అమ్మింది 6,000 రూపాయల ఈథర్ మాత్రమే. దాన్ని కొన్న ఖరీదు 4,800. లాభం 1,200 మీద 30 శాతం చొప్పున 360, దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 374 రూపాయల చిల్లర తేలింది. మూడు లక్షలకు అప్పు ఎక్కడ పుడుతుందా అని రెండు రోజులుగా ఊరంతా తిరిగిన మనిషి, ఆ అంకె చూసి, నా ఫీజు అంతకంటే ఎక్కువ కదండీ అన్నాడు.

భవదీయుడు,
ఒక ఆదాయపు పన్ను సలహాదారు,
తెనాలి.